చలాన్ పైసలల్ల పిల్లల వాటా ఏది?

ఫోన్ల మెసేజ్ వస్తది. లింకు నొక్కితే ఫొటో తెరుచుకుంటది. బండి నడిపేది నాయిన, ఎనుక అమ్మ, ముందట ట్యాంకు మీద మూడేండ్ల పోరడు. నాయిన తలకు హెల్మెట్ ఉన్నది. అమ్మకు లేదు. అమ్మకు లేనందుకు చలాన్ పడ్డది. అందరికంటే ముందు కూసున్న పోరని తల వట్టిగనే ఉన్నది. ఆ తల గురించి చలాన్ల ఒక్క ముక్క ఉండదు.

ఇసొంటి ఫొటో మనల చానామంది చూసే ఉంటరు. చూసి ఏమనుకుంటం? "అయ్యో, రెండొందలు పాయె" అనుకుంటం. పోరని తల యాదికి రాదు. పోలీసోళ్లకూ యాదికి రాదు, సర్కారుకూ యాదికి రాదు. అయితే ఆ చలాన్ పైసలతోటే ఆ పోరని తలకు హెల్మెట్ తేవచ్చు. కారుల పోయే పసిపిల్లకు సీటు తేవచ్చు. కొనియ్యనక్కర లేదు, ఎరువిస్తే చాలు. లోకంల వేరే తావుల ఈ పని నడుస్తనే ఉన్నది. మన తాన ఎందుకు నడవదన్నదే ఇయ్యాల్టి ముచ్చట.

కాగితం మీద చట్టం, దుకాణంల సున్న

ముందుగాల లెక్క చూద్దాం. 2022ల దేశంల రోడ్డు ప్రమాదాల్ల 1,68,491 మంది పాణం ఇడిసిండ్రు. ఇది కేంద్ర రవాణా శాఖ లెక్క. అండ్ల 74,897 మంది బైకులు, స్కూటర్ల మీద పోయేటోళ్లు, అంటే నూటికి నలభై నాలుగు మందికి పైనే. పద్దెనిమిదేండ్లు నిండని పిల్లలు తొమ్మిదిన్నర వేల మంది. రోజుకు ఇరవై ఆరుగురు పిల్లలన్న మాట. ఒక అంగన్‌వాడీల కూసునే పిల్లలంత మంది, పొద్దు గూకే సరికి లేకుంట పోతున్నరు.

చట్టం లేదా అంటే ఉన్నది. 2019ల మోటారు వాహనాల చట్టం మార్చిండ్రు. నాలుగేండ్లు దాటిన ఎవరైనా సరే, బండి ఎక్కితే హెల్మెట్ పెట్టాలె. నాలుగేండ్ల లోపు పిల్లల కోసం 2022 ఫిబ్రవరిల వేరే రూల్ తెచ్చిండ్రు, ఏడాది తర్వాత 2023 ఫిబ్రవరి 15 నుంచి అది అమలుకొచ్చింది. తొమ్మిది నెలలు నిండిన పిల్లకు సైజుకు తగ్గ హెల్మెట్ ఉండాలె. పిల్లను నడిపేటోనికి కట్టే బెల్టు ఉండాలె. ముప్పై కిలోల బరువు ఆపేటట్టు, నీళ్లకు పాడుగాకుంట ఉండాలె ఆ బెల్టు. పిల్ల బండి మీదుంటే స్పీడు 40 దాటొద్దు. కారుకైతే సెక్షన్ 194బి ఉన్నది. పద్నాలుగేండ్ల లోపు పిల్లలు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుంట కారుల కూసుంటే వెయ్యి రూపాయల జరిమానా.

రూల్ మంచిదే. దొరికేది ఏడ? మండల కేంద్రంల పోయి "రెండేండ్ల పిల్లకు హెల్మెట్ కావాలె" అని అడుగుండ్రి. దుకాణపాయన నవ్వుతడు. లేకుంటే క్రికెట్ టోపీ అసొంటిది ఒకటి చేతిల పెడ్తడు. ఐఎస్‌ఐ మార్కు ఉండే చిన్న సైజు హెల్మెట్ కావాలంటే పట్నం పోవాలె, లేదంటే ఆన్‌లైన్ల తెప్పించుకోవాలె. కారు సీటు సంగతి చెప్పనే అక్కర లేదు. నాలుగైదు వేల నుంచి ఇరవై వేల దాకా ఉంటది. రెండు లచ్చలు పెట్టి పాత కారు కొనుక్కున్న రైతు, ఇరవై వేలు పెట్టి పిల్ల సీటు కొంటడా?

ఇంకో ముచ్చట. పిల్లలు ఎదుగుతరు. రెండేండ్లప్పుడు కొన్న హెల్మెట్ నాలుగేండ్లకు పట్టదు. పసిపిల్ల కోసం కొన్న సీటు ఏడాది, ఏడాదిన్నరకు ఇరుకైతది. అటెన్క అది అటక మీదికి పోతది. కొన్నోనికి నష్టం, లేనోనికి అందదు. తొట్టెల ముచ్చట మనకు తెల్వనిది గాదు. ఒక ఇంట్ల పిల్ల ఎదిగినంక ఆ తొట్టెల చెల్లె ఇంటికి పోతది, ఆడికెల్లి మేనకోడలి ఇంటికి పోతది. ఒక్క తొట్టెల్ల పది మంది పిల్లలు పెరిగిన ఖాన్‌దాన్లు ఉన్నయి. సీటైనా, హెల్మెట్ అయినా గట్ల తిరగాల్సిన సామానే. ఇంటికొకటి కొనుక్కునేది గాదు, ఊరికి కొన్ని ఉండాల్సినవి.

"అమ్మ ఒడి కన్న భద్రం ఏముంటది?"

ఈ మాట ప్రతి ఇంట్ల ఇనబడ్తది. పిల్లను ఒడిల కూసోబెట్టుకున్నం, గట్టిగ పట్టుకున్నం, ఇంకేం గావాలె అంటరు. ప్రేమల తప్పు లేదు, లెక్కల తప్పున్నది.

కారు 50 కిలోమీటర్ల స్పీడుతోని పోతున్నది. లారీకి గుద్దింది. కారు ఆగిపోయింది గానీ లోపలున్న మనుషులు ఆగరు, అదే స్పీడుతోని ముందుకు పోతనే ఉంటరు. 50 స్పీడుల పోయి గోడకు గుద్దుకునుడు అంటే దాదాపు పది మీటర్ల ఎత్తుకెల్లి, అంటే మూడంతస్తుల బంగ్ల మీదికెల్లి పడ్డట్టు. పది కిలోల పిల్ల ఆ క్షణంల రెండు క్వింటాళ్ల పైబడి జోరుతోని అమ్మ చేతులల్లకెల్లి గుంజుకపోతది. రెండు వడ్ల బస్తాలు కాదు, అంతకు మించి. అంత బరువును ఏ తల్లి చేతులు ఆపుతయి? పైంగ అమ్మ బెల్టు పెట్టుకోకుంటే, అమ్మ బరువంతా పోయి పిల్ల మీదనే పడ్తది.

పిల్లల సీటు పెద్ద యంత్రమేం గాదు. పిల్ల బరువును భుజాలకు, నడుముకు, వీపుకు పంచి, కారుకు గట్టిగ కట్టేసి ఉంచుతది, గంతే. పసిపిల్ల మెడ ఇంకా గట్టిపడి ఉండదు గనుక మొకం ఎనుకకు పెట్టి కూసోబెడ్తరు. గట్ల ఎనుకకు తిప్పిన సీటును ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్ల మాత్రం పెట్టొద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే పిల్లకే దెబ్బ. సీటు సరిగ్గ వాడితే పిల్లల మరణాలు 60 శాతం దాకా తగ్గుతయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. మంచి హెల్మెట్ సరిగ్గ పెట్టుకుంటే పాణం పోయే ముప్పు ఆరో వంతుకు పడిపోతదని కూడా ఆ సంస్థనే చెప్తున్నది.

అమెరికోళ్లు మొదటికెల్లే గట్ల లేరు

మన ఊర్లకెల్లి బిడ్డ కాన్పుకని అమెరికా పోయొచ్చిన అమ్మమ్మలను అడుగుండ్రి. "కార్ల సీటు లేంది దవాఖానోళ్లు పిల్లను ఇంటికే పంపరు బిడ్డా" అని చెప్తరు. అది చూసి మనం, వాళ్లు పుట్టుకతోనే తెలివిగల్లోళ్లు అనుకుంటం. అట్ల గాదు. యాభై ఏండ్ల కింద అమెరికాల గూడ పిల్లలను ఒడిలనే కూసోబెట్టుకునేటోళ్లు. మొదటి చట్టం తెచ్చింది టెన్నెస్సీ రాష్ట్రం. 1978 జనవరి నుంచి అమలైంది. రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టర్ దాని కోసం ఏండ్లకేండ్లు నాయకుల చుట్టూ తిరిగిండు. 1985 వచ్చే సరికి అన్ని రాష్ట్రాలు చట్టాలు జేసినయి.

చట్టం జేసినంక వాళ్లకు గూడ మన కష్టమే ఎదురైంది. సీటు కొనలేని పేదోనికి జరిమానా ఏస్తే ఏం లాభం? జేబుల ఉన్న పైసలు గూడ పాయె, సీటు గూడ రాకపాయె. అందుకే కొన్ని రాష్ట్రాలు జరిమానా పైసలను సీట్లకే ముడిపెట్టినయి.

వర్జీనియా చట్టంల ఇది సాఫ్‌గ రాసి ఉన్నది. పిల్ల సీటు లేకుంట దొరికితే యాభై డాలర్ల జరిమానా. ఆ పైసలు ఖజానాల కలిసిపోవు, పిల్లల సీట్ల కోసం పెట్టిన ప్రత్యేక నిధిల పడ్తయి. ఆ నిధితోని ఆరోగ్య శాఖ సీట్లు కొని, కొనుక్కోలేని ఇండ్లకు ఇస్తది. కాలిఫోర్నియాల అయితే ఈ జరిమానాల్ల 60 శాతం స్థానిక ఆరోగ్య శాఖకు పోవాలె. సీటు ఎట్ల బిగించాలో జనానికి నేర్పుడు, పేద ఇండ్లకు తక్కువ ధరకు గానీ ఎరువుకు గానీ సీట్లు ఇప్పిచ్చుడు, ఈ పనుల కోసం ఆ పైసలు. కొన్ని రాష్ట్రాల్లయితే సీటు తెచ్చుకున్నట్టు చూపిస్తే మొదటి జరిమానానే కొట్టేస్తరు.

ఇండ్ల నీతి ఒక్కటే. ఏ తప్పుకు జరిమానా గుంజినవో, ఆ తప్పు మళ్ల జరగకుంట జేసేందుకే ఆ పైసలు పెట్టు.

మన పైసలు ఎటు పోతున్నయి?

మన తాన చలాన్ కడితే ఆ పైసలు సర్కారు ఖజానాల కలుస్తయి. జీతాలు, అప్పుల వడ్డీలు, బిల్లులు అన్నీ అదే కుండలకెల్లి. మనం కట్టిన రెండొందలు రోడ్డు మీదికి మళ్ల వచ్చినయా లేదా అన్నది ఎవరికీ తెల్వదు.

ఎంత మొత్తం అనుకుంటున్నరు? యాది తెచ్చుకోండ్రి. 2022 మార్చిల తెలంగాణ పోలీసులు పెండింగ్ చలాన్లకు డిస్కౌంట్ పెట్టిండ్రు. బైకులోళ్లు పావు వంతు కడితే చాలు, కార్లోళ్లు సగం కడితే చాలు అన్నరు. జనం ఎగబడి కట్టిండ్రు. నెలన్నరల వచ్చింది సుమారు 300 కోట్లు. మళ్ల 2023 డిసెంబర్ల ఇంకోసారి పెట్టిండ్రు, ఈసారి బైకులకు 80 శాతం మాఫీ. పండుగ బట్టల దుకాణం లెక్క డిస్కౌంట్ల మీద డిస్కౌంట్లు. రాబడి మీద ఉన్న శ్రద్ధ, ఆ రాబడితోని ఏం జేస్తమన్న దాని మీద ఏది?

సుప్రీంకోర్టు ఈ ముచ్చట ఎప్పుడో తేల్చింది. కోయంబత్తూరుకు చెందిన ఎముకల డాక్టర్ ఎస్. రాజశేఖరన్, రోజూ తన దవాఖానకు వచ్చే ప్రమాదాల కేసులు చూసి చూసి 2012ల కోర్టుకెక్కిండు. ఆ కేసుల 2017 నవంబర్ 30న కోర్టు తీర్పు ఇచ్చింది. ప్రతి రాష్ట్రం రోడ్డు భద్రత నిధి పెట్టాలె, వసూలు జేసిన ట్రాఫిక్ జరిమానాల్ల కొంత శాతం అండ్ల వెయ్యాలె, ఆ పైసలు రోడ్డు భద్రతకే వాడాలె అన్నది. కేరళ అయితే కోర్టు చెప్పకముందే, 2007లనే, చట్టం జేసుకున్నది. జరిమానాల్ల సగం రోడ్డు భద్రత నిధికి పోవాలని అండ్ల రాసుకున్నది.

అంటే దారి కొత్తగ వెయ్యాల్సింది గాదు. ఉన్న దారి మీద పిల్లల పేరు రాయాలె, గంతే.

కేరళ నేర్పిన ఇంకో పాఠం

అదే కేరళల 2024 అక్టోబర్ల ఏమైందో చూడుండ్రి. కార్లల్ల పిల్లల సీట్లు తప్పనిసరి, డిసెంబర్ నుంచి జరిమానా అని రవాణా కమిషనర్ ప్రకటన చేసిండు. జనం భగ్గుమన్నరు. సీట్లు దొరకాలె గదా, కొనే తాకత్ ఉండాలె గదా అన్నరు. ఒకటి రెండు రోజులల్లనే రవాణా మంత్రి గణేశ్ కుమార్ ముందుకొచ్చి, జరిమానాలు ఏం లేవు, అవగాహన కోసం చెప్పినం అన్నడు. కథ ఆడికే ఆగింది.

చదువుల ముందున్న రాష్ట్రంలనే గట్లయితే మన తాన ఏమైతది? సామాను అందియ్యకుంట జరిమానాతోని మొదలు పెడితే, జనం తిడ్తరు, సర్కారు ఎనుకకు తగ్గుతది, మధ్యల పిల్ల పాణం అట్లనే గాలిల ఉంటది. అందుకే వరుస మార్చాలె. ముందు సామాను, అటెన్క నేర్పుడు, ఆఖరుకు జరిమానా.

ఎట్ల నడపొచ్చు?

గాలి మాటలు వద్దు, లెక్క ఏద్దాం. 2022 డిస్కౌంట్ల వచ్చిన 300 కోట్లల్ల అయిదు శాతం తీసి పక్కకు పెట్టినమనుకో. 15 కోట్లు. హెల్మెట్, బెల్టు కలిపి ఒక జోడు 1,500 అనుకుందాం. కారు సీటు టోకున కొంటే 6,000 అనుకుందాం. 10 కోట్లు బండి జోళ్లకు పెడితే 66 వేల జోళ్లు వస్తయి. మిగిలిన 5 కోట్లకు 8,300 సీట్లు వస్తయి. రాష్ట్రంల ఆరు వందల పైచిలుకు మండలాలు ఉన్నయి. మండలానికి వంద దాటి హెల్మెట్ జోళ్లు, పదమూడు సీట్లు. ఒక్కటంటే ఒక్క డిస్కౌంట్ మేళా పైసలల్ల అయిదు శాతం తోని ఇది.

బండి జోళ్లకు రెండు వంతులు, కార్లకు ఒక వంతు అని ఎందుకు అన్ననంటే, చలాన్లు ఎక్కువ కడుతున్నది బండ్లోళ్లు, రోడ్ల మీద ఎక్కువ సచ్చేది గూడ బండ్లోళ్లే. పైసలు ఎవరి జేబుల నుంచి వచ్చినయో, ముందుగాల వాళ్ల పిల్లలకే ముట్టాలె. అమెరికా స్కీమును ఉన్నదున్నట్టు తెచ్చి కార్లోళ్లకే సీట్లు పంచితే, బైకోని పైసలతోని కారోనికి దావత్ ఇచ్చినట్టయితది.

నడిపేది ఎవరు? కొత్త ఆఫీసు, కొత్త కుర్చీలు అక్కర లేదు. ఊరూరికి మహిళా సంఘాలు ఉన్నయి. చాన తావుల ట్రాక్టర్లు, నాగండ్లు, మందు కొట్టే మిషన్లు కిరాయికిచ్చే కేంద్రాలు సంఘాలే నడుపుతున్నయి. రిజిస్టర్ రాసుడు, డిపాజిట్ తీసుకునుడు, వాపస్ తెచ్చినప్పుడు చూసుకునుడు వాళ్లకు ఎరుకే. పెండ్లికి గంగాళాలు ఎరువుకిచ్చి ఒక్క గంటె తక్కువైనా పట్టుకునే ఆడోళ్లు, సీటు లెక్క తప్పనిస్తరా? రెండొందలు డిపాజిట్ పెట్టుకోవాలె, తిరిగిచ్చినప్పుడు డిపాజిట్ వాపస్. తెల్లకార్డు ఇండ్లకు అది గూడ వద్దు.

ఇంకో మంచి తావు ప్రసూతి దవాఖాన. కాన్పయిన తల్లినీ బిడ్డనూ 102 బండ్ల ఇంటికి దింపుతున్నరు. పసిపిల్ల జిందగీల మొదటి ప్రయాణం అదే. ఆ బండ్లల్లనే ఒక్కొక్క సీటు బిగిస్తే, తల్లి కండ్లతోని చూస్తది, ఎట్ల కట్టాలో నేర్చుకుంటది. పది పోస్టర్లు చెప్పలేనిది ఆ ఒక్క ప్రయాణం చెప్తది.

చలాన్ల గూడ ఒక మార్పు తేవచ్చు. పిల్లకు హెల్మెట్ లేకుంట మొదటిసారి దొరికితే పైసలు గుంజొద్దు. "వారంల సంఘం తాన జోడు తీసుకొని, ఆ రసీదు చూపి" అనాలె. చూపిస్తే చలాన్ రద్దు. రెండోసారి దొరికితే అప్పుడు ఏసినా ఎవరూ అడగరు.

అడిగేటోళ్లు అడుగుతరు

"పాత సీటు మంచిదేనా?" అని అడగొచ్చు. మంచి ప్రశ్న. యాక్సిడెంట్ల ఉన్న సీటుగానీ, గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ గానీ మళ్ల వాడొద్దు. బయటికి బాగనే కనబడ్తది గానీ లోపల పగిలి ఉంటది. సీటు ప్లాస్టిక్‌కు గూడ ఆయుష్షు ఉంటది, కంపెనీ తేదీ రాసిస్తది. అందుకే ప్రతి సీటుకు నంబర్ ఉండాలె, రిజిస్టర్ల దాని పుట్టుక, తిరిగిన ఇండ్లు, తగిలిన దెబ్బ రాయాలె. దెబ్బ తిన్న దాన్ని కోసి పారెయ్యాలె. ఇది చెయ్యలేమనుకుంటే స్కీము మొదలే పెట్టొద్దు. తప్పుడు ధైర్యం ఇచ్చే సీటు, సీటు లేకపోవుడు కన్న మేలేం గాదు.

"నిధి నిండాలని పోలీసోళ్లు ఇంకా ఎక్కువ చలాన్లు రాస్తే?" ఇది గూడ నిజమైన భయమే. చెట్టు చాటుకు నిలబడి ఫొటోలు కొట్టుడు ఇప్పటికే చూస్తున్నం. అందుకే ఈ నిధి పోలీసు శాఖ చేతిల ఉండొద్దు. వసూలు జేసేటోడు వేరే, ఖర్చు పెట్టేటోడు వేరే ఉండాలె. జనం మారి చలాన్లు తగ్గినయనుకో, అది సంతోషమే. అప్పుడు తక్కువ పడ్డ పైసలు కొత్త బండ్ల మీద గుంజే లైఫ్ టాక్స్‌ల నుంచి కలపాలె. జనం తప్పు జేస్తేనే పిల్లకు సీటు అన్న కాడికి రావొద్దు.

"ఆటోల సంగతేంది?" ఆటోల పిల్ల సీటు బిగియ్యలేం. బడి ఆటోల పది పదిహేను మందిని కుక్కుడు ఆపాలంటే బడి బస్సులు పెంచాలె, ఆర్టీసీ టైముకు రావాలె. ఈ స్కీము అన్ని రోగాలకు మందు గాదు. తొమ్మిది నెలలు నిండని పసిగుడ్డుకు హెల్మెట్ గూడ పరిష్కారం గాదు, ఆ మెడ మోయలేదు. దాన్ని బండి ఎక్కించకుండుడే దారి. దానికి గూడ ఊరికి బస్సే దిక్కు.

మనం ఏం జెయ్యాలె?

ఇది చదివి షేర్ చేసి ఊకుంటే లాభం లేదు. పది రూపాయల ఫీజుతోని ఒక ఆర్టీఐ దరఖాస్తు పెట్టుండ్రి. మూడే ప్రశ్నలు. పోయినేడు మా జిల్లాల ట్రాఫిక్ చలాన్ల కింద ఎంత వసూలైంది? సుప్రీంకోర్టు చెప్పిన రోడ్డు భద్రత నిధికి అండ్ల ఎంత పోయింది? ఆ పైసలతోని పద్నాలుగేండ్ల లోపు పిల్లల కోసం ఏం కొన్నరు? ముప్పై రోజుల్ల జవాబు ఇయ్యాలె. జిల్లాల కలెక్టర్ పెద్దగ ఉండే రోడ్డు భద్రత కమిటీ ఉంటది, ఆ జవాబు కాగితం పట్టుకొని ఆడికి పోవచ్చు. గ్రామసభల పెట్టి తీర్మానం జేపియ్యొచ్చు. మీ ఊరి సంఘం అధ్యక్షురాలిని అడుగుండ్రి, "అక్కా, ఇరవై హెల్మెట్లు ఇస్తే నడుపుతవా?" అని. చానామంది నడుపుతమనే అంటరు.

అడుగుడుతోని పాటు ఇయ్యాల్నే చేసుకునే పని గూడ ఒకటున్నది. అక్క కొడుకునో, అన్న బిడ్డనో ట్యాంకు మీద ఎక్కించుకొని కిరాణా దుకాణం దాకా పోయేది మన వయసోళ్లే. "ఈడికే గదా" అంటం. 40 స్పీడుల పడ్డా రెండంతస్తుల మీదికెల్లి పడ్డట్టే, దుకాణం దగ్గరున్నా దూరమున్నా. ఆ పోరడు ఇంకా బడికి గూడ పోవట్లేదు, చలాన్ కట్టే వయసు రానే లేదు. వాని తరఫున అడగాల్సింది మనమే.